తపాలా బిళ్ళ వెనక మనిషి - సర్ రోలండ్ హిల్

బేరంగు ఉత్తరం అంటే ఏమిటో ఇప్పటి హాస్టలు మిత్రులకు తెలియకపోవచ్చు గాని, ఇంట్లో తాతగారినో అమ్మమ్మగారినో అడిగితే చెబుతారు. ఎవరో స్టాంపు అంటించకుండా ఉత్తరం డబ్బాలో పడేసేవారు. అది ఊరు చేరాక పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి, అంటించవలసిన దానికి రెట్టింపు సొమ్ము పెడితే గాని ఇవ్వనని కూర్చునేవాడు. పుచ్చుకుందామంటే డబ్బు దండగ. వద్దని తిప్పి పంపేద్దామంటే లోపల చావుకబురు ఉందో, పెళ్ళికబురు ఉందోనని గుబులు. ఇరుగుపొరుగుల్ని అడిగి చిల్లర పోగుచేసి విప్పి చూస్తే, అందులో ఏమీ లేని కబుర్లు ఉండడం, రాసినవాణ్ణి ఇంటిల్లిపాదీ తిట్టుకోవడం మామూలు.

ఒకప్పుడు ఇంగ్లండులో ఉత్తరాలన్నీ ఇంచుమించు బేరంగు ఉత్తరాలే. రాసినవాడు హాయిగా పోస్టులో పడేస్తాడు, అందుకునేవాడు డబ్బు కట్టుకోవాలి. అదీ ఇంతని ఒక లెక్క ఉండదు. ఎన్ని మైళ్ళు వచ్చింది, లోపల ఎన్ని కాగితాలున్నాయి అని చూసి కట్టేవారు. ఒక కాగితానికి ఒక రేటు, రెండు కాగితాలైతే రెట్టింపు. కవరు కూడా ఒక కాగితం కిందే లెక్క కాబట్టి ఎవరూ కవరు వాడేవారు కారు, ఉత్తరాన్నే మడిచి మీద అడ్రసు రాసేవారు. పోస్టాఫీసు గుమాస్తాలు ఉత్తరాన్ని దీపానికి అడ్డంగా పెట్టి లోపల ఎన్ని మడతలున్నాయో చూసేవారట! లండను నుంచి ఎడింబరోకు ఒక్క కాగితం ఉత్తరానికి 1 షిల్లింగు 1½ పెన్నీ. ఆనాటి వ్యవసాయ కూలీ రోజంతా పనిచేసి తెచ్చుకునే దానిలో చాలా భాగం దానికే పోతుంది. పార్లమెంటు సభ్యులకు, ప్రభువులకు మాత్రం ఆ బాధ లేదు. ఉత్తరం మీద సంతకం పెడితే చాలు, ఉచితంగా పోతుంది. తమవే కాదు, తమ స్నేహితులవి, ఆ స్నేహితుల స్నేహితులవి కూడా అలాగే పోయేవి. ఉన్నవాడికి ఉచితం, లేనివాడికి షిల్లింగు, అదీ ఆనాటి ధర్మం.

ఈ ఏర్పాటును తలకిందులు చేసిన మనిషి రోలండ్ హిల్. ఆయన తపాలా ఉద్యోగి కాడు, మంత్రి కాడు, బడిపంతులు.

హిల్ 1795 డిసెంబరు 3న కిడర్‌మినిస్టర్ అనే పట్టణంలో పుట్టాడు. తండ్రి టామస్ రైట్ హిల్ మంచి మేధావి, ఆక్సిజన్ మీద పరిశోధనలు చేసిన ప్రీస్ట్‌లీ గారి శిష్యుడు. అయితే డబ్బు సంపాదించే విద్య ఒక్కటే ఆయనకు పట్టుబడలేదు. ఇల్లు నడిపే బాధ్యతంతా తల్లి సేరా మీద పడింది. పిల్లలు చాలామంది, ఆదాయం తక్కువ. పోస్టుమాన్ తలుపు తట్టే సమయానికి చేతిలో డబ్బు లేకపోతే ఎలాగా అని ఆ తల్లి హడలిపోతుండేదని, తన కష్టాలన్నీ ఈ మూడో కొడుకుతోనే చెప్పుకునేదని హిల్ పెద్దవాడయ్యాక కూడా తలుచుకునేవాడు. ఉత్తరం రావడం అంటే అందరికీ సంతోషం. ఆ ఇంట్లో మాత్రం ఉత్తరం రాకుండా ఉంటేనే సంతోషం. తర్వాత ఆయన వేసిన లెక్కలన్నిటికీ మూలం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తుంది.

లెక్కలంటే ఆ పిల్లవాడికి మొదటినుంచీ పిచ్చి. చిన్నతనంలో జబ్బుచేసి చాలాకాలం మంచాన పడ్డాడు. పడుకుని ఏం చేసేవాడయ్యా అంటే, పైకి అంకెలు లెక్కపెట్టుకుంటూ లక్షలదాకా పోయేవాడట. తండ్రి బర్మింగ్‌హామ్‌లో బడి పెట్టాక, పన్నెండేళ్ళు నిండీ నిండకుండానే రోలండ్ అందులో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1819లో ఆ బడి హేజిల్‌వుడ్ అనేచోట సొంత భవనంలోకి మారింది. ఆ భవనానికి ప్లాను గీసింది కూడా ఈయనే.

మన విద్యార్థి సంఘం సంచికలో హేజిల్‌వుడ్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోతే తప్పవుతుంది. ఆనాడు ఇంగ్లండు బడుల్లో బెత్తమే గురువు. హేజిల్‌వుడ్‌లో బెత్తం ఎత్తేశారు. పిల్లలే ఓట్లు వేసి ఒక కమిటీని ఎన్నుకునేవారు, ఆ కమిటీయే బడికి చట్టాలు చేసేది. తప్పుచేసిన పిల్లవాణ్ణి పిల్లల కోర్టులోనే విచారించేవారు. జడ్జీ విద్యార్థే, జ్యూరీ విద్యార్థులే. శిక్ష అంటే జరిమానా, అదీ అసలు డబ్బుతో కాదు, చదువులోనూ పనిలోనూ సంపాదించుకున్న మార్కులతో. పిల్లలే పత్రిక అచ్చువేసుకునేవారు. సైన్సు ప్రయోగశాల, ఈతకొలను కూడా ఉండేవి. ఈ పద్ధతిని వివరిస్తూ 1822లో పుస్తకం వెలువడితే జెరిమీ బెంథామ్ వంటి పెద్దలు ఆసక్తి చూపారు. నూట యాభై ఏళ్ళ తర్వాత కూడా కాలేజీ ఎన్నికలు పెట్టాలా వద్దా అని మన దగ్గర వాదించుకున్నాం! అయితే నాణేనికి రెండోవైపు కూడా చెప్పాలి. ఆ బడిలో ప్రతి నిమిషానికీ గంటే, ప్రతి పనికీ మార్కులే. పిల్లలకు ఊపిరాడనంత క్రమశిక్షణ అది. ఏదైనా సరే ఒక యంత్రంలాగా అమర్చి, మీట నొక్కితే నడిచేలా చేయాలన్నది హిల్ తత్వం. ఆయనలోని గొప్పా, లోపమూ రెండూ అదే.

1827లో బడిని లండను దగ్గర టాటెన్‌హామ్‌లోని బ్రూస్ కాజిల్‌కు మార్చారు. అదే ఏడు కారొలైన్ పియర్సన్‌తో ఆయన పెళ్ళయింది. కొన్నేళ్ళకు పంతులు ఉద్యోగం మీద విసుగు పుట్టింది. దక్షిణ ఆస్ట్రేలియా వలస కమిషన్‌కు సెక్రటరీగా చేరాడు. ఈ మధ్యలోనే కాగితపు చుట్టనుంచి ఆగకుండా పత్రికలు అచ్చువేసే రోటరీ యంత్రం కూడా కనిపెట్టాడు. కాని పత్రికల ప్రతి కాగితానికీ సర్కారువారి పన్ను ముద్ర పడాలి కదా, ఆ ముద్రను యంత్రంలోనే వేసుకునేందుకు ఖజానావారు ఒప్పుకోలేదు. దాంతో ఆ యంత్రం మూలనపడింది. ముద్రల వల్ల ఒకసారి దెబ్బతిన్న మనిషి ముద్రతోనే లోకప్రసిద్ధుడు కావడం చిత్రమే.

తపాలా గొడవ ఆయన నెత్తికి ఎత్తుకున్నది 1836 ప్రాంతంలో. రాబర్ట్ వాలెస్ అనే పార్లమెంటు సభ్యుడు అప్పటికే తపాలాశాఖను దుమ్మెత్తి పోస్తుండేవాడు. ఆయన పంపిన సర్కారు నివేదికల మూటను హిల్ ముందు పెట్టుకుని లెక్కకు కూర్చున్నాడు. ఒక ఉత్తరం లండను నుంచి ఎడింబరోకు బండిలో ప్రయాణం చేయడానికి నిజంగా ఎంత ఖర్చవుతుంది? బండి ఖర్చంతా తీసుకుని, అందులో పోయే ఉత్తరాలకు పంచి చూస్తే తేలింది ఎంతో తెలుసా? పెన్నీలో 36వ వంతు! వసూలు చేస్తున్నదేమో పదమూడున్నర పెన్నీలు. అంటే దూరం అసలు ఖర్చే కాదన్నమాట. మరి ఖర్చు ఎక్కడ అవుతోంది? ప్రతి ఉత్తరాన్నీ దీపానికి పెట్టి చూడడం, మైళ్ళు లెక్కగట్టడం, పద్దు రాయడం, ఆ పద్దు ఊరూరా సరిచూడడం, చివరికి పోస్టుమాన్ ఒక్కొక్క గుమ్మం దగ్గరా చిల్లర కోసం నిలబడడం - ఇదంతా కలిసి ఖర్చు. ఉత్తరం మోయడానికి కాదు, ఉత్తరం మీద డబ్బు రాబట్టడానికే తపాలాశాఖ బతుకుతోందని తేలింది.

కాబట్టి హిల్ చెప్పిన మందు రెండు గుళికలు. దేశంలో ఎక్కడికైనా సరే, అర ఔన్సు ఉత్తరానికి ఒక్కటే రేటు, ఒక పెన్నీ. ఆ పెన్నీ రాసినవాడే ముందుగా కట్టాలి. 1837 జనవరిలో ఈ ఆలోచనను ఆర్థికమంత్రి స్ప్రింగ్ రైస్‌కు పంపాడు. అక్కడ పెద్ద చలనం కనిపించకపోయేసరికి కరపత్రంగా అచ్చువేసి జనంలోకి వదిలాడు.

ఆ కరపత్రంలోనే ఒక కథ ఉంది. కవి కోల్‌రిడ్జ్ ఉత్తర ఇంగ్లండు సరస్సుల ప్రాంతంలో పోతుండగా, ఒక గుడిసె ముందు పోస్టుమాన్ ఉత్తరం తెచ్చి షిల్లింగు అడిగాడట. ఆ ఇంటి ఆడమనిషి ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, డబ్బు లేదని తిరిగి ఇచ్చేసింది. కవిగారు జాలిపడి తానే కట్టాడు. తీరా చూస్తే లోపల ఖాళీ కాగితం! పంపినవాడు క్షేమంగా ఉన్నాడని తెలియడానికి అలా ఖాళీ కాగితం పంపడం వాళ్ళ ఒప్పందం. ఈ కథ చెప్పేవారు చాలామంది అక్కడ ఉన్నది హిల్ అనీ, ఆ క్షణంలోనే ఆయనకు స్టాంపు ఆలోచన తట్టిందనీ అంటారు. అది సరికాదు. మనవాళ్ళు మిస్డ్ కాల్ కనిపెట్టడానికి ఎంతో ముందే బీదవాళ్ళకు ఆ తెలివి ఉందని మాత్రం ఈ కథ చెబుతుంది.

మరి స్టాంపు ఎలా పుట్టింది? నిజానికి హిల్ మొదట నమ్ముకున్నది ముద్రవేసిన కవర్లను. అయితే ఒక చిక్కు వచ్చింది. చదువురాని పనిమనిషి చేతికి యజమానురాలు మామూలు ఉత్తరం ఇచ్చి పోస్టుకు పంపింది అనుకోండి. ఆఫీసులో ముద్ర కవరు కొన్నా దానిమీద అడ్రసు ఎవరు రాస్తారు? అందుకని ముద్ర పట్టేంత చిన్న కాగితం ముక్క, వెనకాల జిగురు, తడిచేసి అంటించుకోవచ్చు అని హిల్ 1837 ఫిబ్రవరిలో విచారణ సంఘం ముందు ఒక ఉపాయం చెప్పాడు. తపాలా బిళ్ళ పుట్టింది రాజుల కోసం కాదు, సేకరించేవారి కోసం కాదు, అడ్రసు రాయడం చేతకాని పనిమనిషి కోసం.

స్టాంపుకు అర్థం ఏమిటని అడిగితే నేను దీన్నే చెబుతాను. స్టాంపు బొమ్మ కాదు, రసీదు. ఈ ఉత్తరం బాకీ తీరిపోయింది, ఇక ఎవరి గుమ్మంలోనూ చెయ్యి చాపనక్కరలేదు అని దానిమీద రాసి ఉన్నట్టే లెక్క.

తపాలా పెద్దలు ఊరుకున్నారా? పోస్టుమాస్టర్ జనరల్ లిచ్‌ఫీల్డ్ ప్రభువు ఇంత వెర్రి ఆలోచన తాను ఎన్నడూ వినలేదన్నాడు. ఉత్తరాలు అంతగా పెరిగితే పోస్టాఫీసు గోడలు బద్దలవుతాయని కూడా సభలో వాపోయాడు. ఉత్తరాలను బట్టి గోడలు కట్టుకోవాలా, గోడలను బట్టి జనం ఉత్తరాలు రాసుకోవాలా అని హిల్ ఎదురడిగాడు. శాఖ సెక్రటరీ కర్నల్ మేబర్లీ అయితే బద్ధ శత్రువయ్యాడు. కాని ఈలోగా లండను వర్తకులు ఒక సంఘంగా ఏర్పడి హిల్ వెనక నిలబడ్డారు. హెన్రీ కోల్ అనే యువకుడు ప్రచారం నడిపాడు. దేశం నలుమూలల నుంచి 2,000కు పైగా అర్జీలు పార్లమెంటుకు చేరాయి. 1839 ఆగస్టు 17న చట్టం అయింది. 1840 జనవరి 10న పెన్నీ తపాలా మొదలైంది. ఆ ఒక్కరోజే లక్షకు పైగా ఉత్తరాలు పడ్డాయి. ప్రభువుల ఉచిత సంతకాలు కూడా ఆ రోజుతోనే చెల్లిపోయాయి.

స్టాంపు నమూనాల కోసం ఖజానావారు పోటీ పెడితే 2,600 దాకా ఎంట్రీలు వచ్చాయి. ఏదీ పూర్తిగా నచ్చక, చివరికి విలియం వాయన్ చెక్కిన పతకంలోని విక్టోరియా రాణి తలను తీసుకున్నారు. నమ్మకమైన కారణం ఉంది లెండి. దొంగ స్టాంపులో పూలు, లతలు కాస్త తేడాపడినా కంటికి ఆనదు, తెలిసిన మొహం రవ్వంత మారినా ఇట్టే పట్టేస్తాం. 1840 మే 1న నల్లని పెన్నీ స్టాంపు అమ్మకానికి వచ్చింది, మే 6 నుంచి చెల్లుబాటు. షీటుకు 240 బిళ్ళలు - వరసకు పన్నెండు, అంటే ఒక షిల్లింగు. షీటు మొత్తం ఒక పౌను. గుమాస్తాకు కూడికలు అక్కరలేదు. ఇక్కడా బడిపంతులు బుద్ధి కనబడుతుంది. చుట్టూ చిల్లులు లేవు, కత్తెరతో కత్తిరించుకోవాలి. చిల్లులు వచ్చింది 1854లో, హెన్రీ ఆర్చర్ చలవ. దేశం పేరు కూడా వేయలేదు, అప్పటికి స్టాంపులున్న దేశం అదొక్కటే కదా! బ్రిటిష్ స్టాంపుల మీద ఈనాటికీ దేశం పేరు ఉండదు.

అన్నీ సవ్యంగా జరిగాయనుకోకండి. హిల్ ఎంతో ఆశపెట్టుకున్న మల్‌రెడీ బొమ్మ కవర్లను చూసి జనం పగలబడి నవ్వారు, వెక్కిరింత బొమ్మలు వేశారు. వాటిని ఉపసంహరించి నాశనం చేయవలసి వచ్చింది. ఉపాయంగా చెప్పిన చిన్న బిళ్ళేమో నెగ్గింది. నల్ల స్టాంపు మీద ఎర్ర సిరాతో ముద్ర కొడితే కొందరు ఆ సిరా కడిగేసి మళ్ళీ వాడుకోసాగారు. దాంతో ఏడాది తిరక్కుండానే, 1841లో, స్టాంపును ఎరుపు చేసి ముద్రను నలుపు చేశారు. పెన్నీ బ్లాక్ ప్రపంచంలో అన్నిటికన్నా అరుదైన స్టాంపని మన సేకరణ మిత్రులు కొందరు అనుకుంటారు. 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చయిన స్టాంపు అరుదు ఎలా అవుతుంది? మొదటిది కాబట్టి ఆ మోజు.

అసలు చిక్కు రాబడి దగ్గర వచ్చింది. 1839లో సుమారు 7 కోట్ల 60 లక్షలున్న ఉత్తరాలు 1840లో 16 కోట్ల 90 లక్షలయ్యాయి. కాని లాభం కుప్పకూలింది. పదహారు లక్షల పౌన్ల నికరాదాయం అయిదు లక్షలకు దిగింది. ఉత్తరాలు అయిదింతలు పెరిగి లోటు త్వరలోనే పూడుతుందని హిల్ వేసిన అంచనా తప్పింది. మొత్తం రాబడి పాత స్థాయికి రావడానికే పదేళ్ళు పైన పట్టింది, నికరాదాయానికి ఇరవై ఏళ్ళు దాటింది. ఇది ఆయన లెక్కలో నిజమైన తప్పు, ఒప్పుకోవలసిందే. శత్రువులకు కావలసింది అదే. ప్రభుత్వం మారి పీల్ ప్రధాని అయ్యాడు. 1842లో హిల్‌ను ఇంటికి పంపేశారు. రాబడి తగ్గిందన్నారే గాని, తల్లులకు బిడ్డల ఉత్తరాలు ఎన్ని అందాయో పద్దులో రాసుకునే కాలమ్ ఏ ఖజానాలోనూ లేదు.

హిల్ వెళ్ళి లండను-బ్రైటన్ రైల్వే కంపెనీలో చేరి, చైర్మను అయ్యి, ఆదివారం విహార రైళ్ళు నడిపాడు. ఈలోగా ఆయనకు జరిగిన అన్యాయానికి జనం చందాలు వేసుకుని 13,000 పౌన్లు పోగుచేసి 1846లో కానుక ఇచ్చారు. ఆ ఏడే మళ్ళీ ప్రభుత్వం మారి, ఆయనను తపాలాశాఖకు పిలిపించింది. కాని మేబర్లీని కదపలేదు. ఎనిమిదేళ్ళు ఒకే ఒరలో రెండు కత్తులు. 1854లో గాని హిల్‌కు పూర్తి సెక్రటరీ పదవి దక్కలేదు. ఆయన హయాంలోనే 1857-58లో లండను నగరాన్ని పది తపాలా మండలాలుగా విడదీసి అడ్రసులో అక్షరాలు వేయించారు. మనదేశంలో 1972 ఆగస్టు 15న వచ్చిన పిన్‌కోడుకు అది ముత్తాత వంటిది.

మనిషి మాత్రం కొరకరాని కొయ్య. తన మాట కాదన్న ప్రతివాడూ శత్రువే. కింది ఉద్యోగులకు ఆయనంటే భయమే గాని ప్రేమ లేదు. నవలాకారుడు ఆంథొనీ ట్రాలప్ అదే శాఖలో ఉద్యోగి, వీధుల్లో పోస్టుడబ్బాలు నిలబెట్టించింది ఆయనే. ఆయనకూ హిల్‌కూ ఏనాడూ పడలేదు, తన ఆత్మకథలో ఆ మాట దాచుకోనూ లేదు. జిగురు స్టాంపు మొదట తలచింది డండీ పట్టణపు జేమ్స్ చామర్స్ అని ఆయన కొడుకు తర్వాత పెద్ద వాదం లేవదీశాడు. చామర్స్ నమూనాలు పంపిన మాట నిజమే, అయితే హిల్ కరపత్రం వాటికన్నా ముందే అచ్చయింది. ఎదుటివాడి పాత్రను ఒక్క మాటతోనైనా ఒప్పుకుని ఉంటే హిల్ పేరు తగ్గేది కాదు. ఆ గుణం ఆయనకు లేదు. 1860లో సర్ బిరుదు వచ్చింది. 1864లో పైవారితో తగాదాలు, అనారోగ్యం కలిసి రాజీనామా చేయించాయి. పార్లమెంటు 20,000 పౌన్లు బహూకరించింది.

ఆయన వెలిగించిన దీపం ఈలోగా మన ఒడ్డుకూ చేరింది. 1852 జులై 1న సింధు కమిషనర్ బార్టిల్ ఫ్రియర్ అర అణా స్టాంపు వేయించాడు. అదే ఆసియాలో మొదటిది. 1854 అక్టోబరు 1న డల్హౌసీ కాలంలో దేశమంతటికీ స్టాంపులు, దూరంతో నిమిత్తం లేని అర అణా రేటు వచ్చాయి. అంతకుముందు కలకత్తా నుంచి బొంబాయికి తులం ఉత్తరానికి రూపాయి! నిజాం సర్కారు 1869లో సొంత స్టాంపులు మొదలుపెట్టి 1949 దాకా నడిపింది. వాటిలో కొన్నిటి మీద విలువ తెలుగు అక్షరాల్లో కూడా కనబడుతుంది. వేమన బొమ్మ, ప్రకాశం పంతులుగారి బొమ్మ ఎక్కిన బిళ్ళలు 1972లో వచ్చాయి.

1879లో లండను నగరం హిల్‌కు గౌరవ పౌరసత్వం ఇచ్చింది. అప్పటికి ఆయన లేవలేని స్థితిలో ఉన్నాడు. ఆ ఆగస్టు 27న హాంప్‌స్టెడ్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేశారు. దానికి ముందు నెలలోనే, జులై 1న, మనదేశంలో కాణీ కార్డు అమ్మకానికి వచ్చింది. పావు అణా ఖరీదు. రంగూను ఆనాడు ఇండియా తపాలా కిందే ఉండేది. కోరంగి ఓడలెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లో కూలికి పోయినవాడు, రాయడం వచ్చినవాడి చేత నాలుగు ముక్కలు రాయించి శ్రీకాకుళం దగ్గరి పల్లెలో ఉన్న తల్లికి పంపితే ఆ పావు అణాయే. పక్క వీధిలో ఉన్నవాడికి రాసినా ఆ పావు అణాయే. గుమ్మంలో ఆ తల్లి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు.